జబ్బుపడిన కోతికి వైద్యం: మందు దొరికినా ఎందుకంత కష్టం?

కోతికి జబ్బు చేస్తే డాక్టర్‌ని పిలిచి సూది వేయిస్తే సరిపోదా అని చాలామంది అడుగుతారు. ఆవుకీ కుక్కకీ అలాగే చేయిస్తాం కాబట్టి ఆ ప్రశ్న రావడం సహజమే. కానీ కోతుల సంరక్షణ కేంద్రాల్లో పని ఎలా జరుగుతుందో కాస్త దగ్గరగా చూస్తే అసలు చిక్కు మందు దగ్గర లేదని తెలిసిపోతుంది. మందులు దాదాపు మనం వాడేవే. షుగర్‌కి ఇన్సులినే ఇస్తారు, బీపీకి బీపీ మాత్రలే, విరేచనాలు పట్టుకుంటే సెలైనే. ఆ మందు కోతి ఒంట్లోకి ఎలా వెళ్ళాలి, వైద్యం జరిగే ఆ నాలుగు రోజుల్లో అది గుంపులో తన చోటు పోగొట్టుకోకుండా ఎలా చూడాలి అన్నవే తలనొప్పి ప్రశ్నలు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: జబ్బు బయటపడిన రోజున మొదలుపెట్టే వైద్యం కోతికి చాలాసార్లు ఆలస్యమైపోతుంది, అంతకుముందు నెలల తరబడి ఓపికగా చేసుకున్న ఏర్పాట్లే ఆ రోజు దాన్ని కాపాడతాయి.

ఎందుకంటే కోతి తన జబ్బుని దాచుకుంటుంది. గుంపులో నీరసంగా కనబడితే పై స్థాయిలో ఉన్నవి తిండి లాక్కుంటాయి, నిన్నటిదాకా భయపడిన కిందివి ఎదురు తిరుగుతాయి. అందుకని కడుపులో ఎంత నొప్పి ఉన్నా వీలైనంతవరకు మామూలుగానే తిరుగుతుంది. మూలన ముడుచుకుని తల వాల్చి కూర్చుందంటే, కొత్తవాళ్ళకి కూడా జబ్బని తెలిసేలా ఉందంటే, పరిస్థితి అప్పటికే బాగా ముదిరిందని అర్థం. మంచి కీపర్లు (కోతుల్ని రోజూ చూసుకునేవాళ్ళు) అంతదాకా రానివ్వరు. పొద్దున తిండి పెట్టినప్పుడు ఎవరు ముందు వచ్చారు, రోజూ ముందుండేది ఇవాళ ఎందుకు వెనకబడింది, ఎవరు ఎవరికి పేలు చూస్తున్నారు, పల్లీ గింజని ఎప్పుడూ కుడివైపు నమిలేది ఇవాళ ఎడమవైపు ఎందుకు నములుతోంది (పంటినొప్పి ఇలాగే బయటపడుతుంది), ఇవన్నీ రాసి పెట్టుకుంటారు. కోతులుండే ఆవరణలో ఒక మూల తూకం యంత్రం పెట్టి, దాని మీద కూర్చుంటేనే గింజలిస్తామని నేర్పిస్తారు. బరువు తగ్గడం మొదలైతే మిగతా లక్షణాలు కనబడక ముందే అక్కడ తెలిసిపోతుంది.

పది కోతులు కలిసి ఉండే చోట నేల మీద పలచటి విరేచనం కనిపిస్తే అది ఎవరిదో ఎలా తెలుస్తుంది? అనుమానం ఉన్న కోతికి ఇచ్చే తిండిలో హాని చేయని రంగో, మెరిసే పొడో కలుపుతారు. మర్నాడు ఆ రంగు కనబడిన చోట శాంపిల్ తీసుకుంటారు. మనుషుల సంరక్షణలో ఉండే మకాక్ జాతి కోతులకి (మన ఊళ్ళలో కనబడే రీసస్, బోనెట్ కోతులు ఈ జాతివే) మాటిమాటికీ వచ్చే పెద్ద జబ్బు విరేచనాలే, షిగెల్లా, కాంపైలోబాక్టర్ లాంటి క్రిములు దాంట్లో తరచూ దొరుకుతాయి. కాబట్టి ఈ రంగుపొడి చిట్కా చూడటానికి చిన్నదే అయినా ప్రాణాలు నిలబెట్టే పనే చేస్తుంది.

సరే, జబ్బు ఫలానా కోతికని తెలిసింది. దాన్ని పట్టుకోవాలి. పెద్ద మగ రీసస్ కోతి కోరలు మన కుక్కల కోరలకి ఏమాత్రం తీసిపోవు, కాబట్టి చేత్తో పట్టుకోవడమన్న మాటే లేదు. వలవేసి తరిమితే భయంతో ఒళ్ళు వేడెక్కిపోతుంది, ఒక్కోసారి ఆ పరుగులకీ పెనుగులాటకీ కండరాలే దెబ్బతిని, అసలు జబ్బు కంటే ముందు ఈ పట్టుకునే గొడవే ప్రాణం తీస్తుంది. అందుకే ఎక్కువ చోట్ల ఒకవైపు గోడ ముందుకు జరిగే బోను వాడతారు, దాన్ని మెల్లగా నొక్కి ఉంచి తొడలోకి కెటమైన్ లాంటి మత్తు సూది వేస్తారు. దూరం నుంచి గొట్టంతో ఊది బాణం సూది వేసే పద్ధతి కూడా ఉంది గాని, చిన్న కోతులకి ఆ దెబ్బే గాయం చేస్తుంది.

మత్తులో ఒక ప్రమాదం గురించి బయటివాళ్ళు ఊహించరు. రీసస్, బోనెట్ కోతులకి రెండు బుగ్గల్లో సంచులుంటాయి, దొరికిన తిండి గబగబా అందులో కుక్కుకుని తర్వాత తీరిగ్గా నములుతాయి. పొద్దుటి నుంచి ఏమీ పెట్టలేదు, కడుపు ఖాళీగా ఉంది అనుకుని మత్తిస్తే, బుగ్గలో దాచిన శనగలు గొంతులోకి జారి ఊపిరి ఆగిపోవచ్చు. అందుకే మత్తు ఎక్కగానే డాక్టర్ మొదట చేసే పనుల్లో ఒకటి బుగ్గలు తడిమి చూడటం. తర్వాత తొడ దగ్గరి నరం నుంచి రక్తం తీయడం, ఎక్స్‌రే, పళ్ళు చూడటం, పెరిగిన గోళ్ళు కత్తిరించడం, అన్నీ ఆ ఒక్క మత్తులోనే కానిచ్చేస్తారు, ఎందుకంటే మళ్ళీ మళ్ళీ మత్తివ్వడం జబ్బు కోతికి మంచిది కాదు.

ఇంతవరకు మంచి డాక్టరూ సామాన్లూ ఉంటే దాటేయొచ్చు. అసలు మెలిక గుంపు దగ్గర మొదలవుతుంది, నాకు ఈ విషయం మొత్తంలో అన్నిటికంటే ముఖ్యమనిపించేది కూడా ఇదే.

రీసస్ గుంపులో ఆడకోతులు పుట్టిన గుంపులోనే జీవితాంతం ఉండిపోతాయి. తల్లి స్థాయే కూతురికి వస్తుంది, పైగా అక్కాచెల్లెళ్ళలో సాధారణంగా చిన్నదానిదే పైచేయి. మగవి వయసుకొచ్చాక వేరే గుంపు వెతుక్కుంటూ వెళ్ళిపోతాయి. ఎవరి వెనక ఎవరున్నారు, గొడవొస్తే ఎవరు ఎవరి తరఫున దూకుతారు అన్న లెక్క మీదే ఆ గుంపు నిలబడుతుంది. ఇప్పుడు పై కుటుంబంలో పెద్దదాన్ని న్యుమోనియా అని చెప్పి పది రోజులు ఆసుపత్రి గదిలో ఉంచామనుకోండి. దాని కూతుళ్ళకి అండ పోతుంది, కింది కుటుంబం కలిసికట్టుగా మీద పడొచ్చు, పెద్ద గుంపుల్లో ఇలాంటి తిరుగుబాట్లు జరిగి కోతులు చచ్చిపోయిన సందర్భాలున్నాయి. పది రోజుల తర్వాత న్యుమోనియా తగ్గి అది తిరిగొచ్చేసరికి, వదిలివెళ్ళిన చోటు అక్కడ ఉండదు. ఒంటికి జబ్బు నయం చేసి బతుకుని పాడుచేసినట్టవుతుంది.

అలాగని గుంపులోనే ఉంచితే మందు వేళకి పడదు, తిండి అందదు, చిన్న గాయాన్ని కూడా పక్కవి గిల్లి పెద్దది చేస్తాయి. దీనికి ఎక్కడికైనా పనికొచ్చే జవాబంటూ లేదు, కోతిని బట్టి, గుంపుని బట్టి నిర్ణయం మారుతుంది. వీలైతే పొద్దున తీసుకెళ్ళి సాయంత్రానికి తిరిగి కలిపేస్తారు. కుదరకపోతే దానికి బాగా దగ్గరైన ఒక కోతిని, అక్కనో కూతురినో, తోడుగా పక్కనే ఉంచుతారు. అదీ కాదంటే గుంపుకీ దానికీ మధ్య జాలీ మాత్రమే అడ్డం ఉండేలా చూస్తారు, ఒకదాన్నొకటి చూసుకోవచ్చు, జాలీలోంచి వేళ్ళు పెట్టి పేలు చూసుకోవచ్చు. ఒంటరిగా పడేస్తే మంచి మందు తింటున్న కోతి కూడా తిండి మానేస్తుంది. తోడుకోతి మందుగదిలో ఎందుకు, శుభ్రత పాడవుతుంది కదా అని అడిగే డాక్టర్లు ఇంకా ఉన్నారు. అంటురోగం కానంతవరకు తోడుని ఆపకూడదని నేను గట్టిగా నమ్ముతాను.

నోటి ద్వారా మందివ్వడం కూడా అంత తేలిక కాదు. విరేచనాలకిచ్చే మెట్రోనిడజోల్ మాత్ర చేదు ఎలా ఉంటుందో తిన్నవాళ్ళకి తెలుసు. అరటిపండు మధ్యలో పెట్టిస్తే పండు తిని మాత్ర ఉమ్మేస్తుంది, లేదా బుగ్గలో దాచి మీరు వెళ్ళాక ఉమ్మేస్తుంది, లేదా పక్కనున్న పెద్ద కోతి లాక్కుని తినేస్తుంది, అప్పుడు జబ్బు ఒకరిది, మందు ఇంకొకరిది. అందుకే ఆరోగ్యంగా ఉన్న రోజుల్లోనే సిరంజీ (సూది లేనిది) జాలీలోంచి పెట్టి పళ్ళరసం తాగడం అలవాటు చేస్తారు. సిరంజీ అంటే తీపి అని దానికి నమ్మకం కుదిరాక, ఏదో ఒకరోజు ఆ రసంలో మందు కలిసినా తాగేస్తుంది. ఇలాగే జాలీకి భుజం ఆనించడం, తొడ చూపించడం, చిన్న గిన్నెలో మూత్రం పోయడం, అన్నీ బహుమానం ఇచ్చి ఇచ్చి నేర్పిస్తారు. కొట్టడం, ఆకలితో మాడ్చడం ఉండదు. కోతికి ఇష్టం లేకపోతే లేచి వెళ్ళిపోవచ్చు, అలా వెళ్ళే స్వేచ్ఛ ఉండబట్టే మర్నాడు మళ్ళీ వస్తుంది.

షుగర్ వచ్చిన కోతుల దగ్గర ఈ నేర్పు విలువ తెలుస్తుంది. కాపుచిన్ అనే దక్షిణ అమెరికా కోతుల్ని అమెరికాలోనూ ఐరోపాలోనూ ఇళ్ళలో పెంచుకునేవాళ్ళున్నారు. బిస్కెట్లు, కూల్‌డ్రింకులు, కేకులు పెట్టి పెంచుతారు. కొన్నేళ్ళకి అది కరవడం మొదలుపెడితే సంరక్షణ కేంద్రానికి ఇచ్చేస్తారు. అలా వచ్చినవాటిలో షుగర్ తరచూ కనిపిస్తుంది: నీళ్ళు విపరీతంగా తాగుతుంది, మూత్రం ఎక్కువ పోస్తుంది, ఎంత తిన్నా చిక్కిపోతుంది. రోజూ ఇన్సులిన్ కావాలి. రోజూ మత్తివ్వలేం కదా. కాబట్టి అది తనంతట తాను వచ్చి తొడ ఆనించాలి. ఇచ్చే బహుమానం తీపిది కాకూడదు, కాబట్టి బాదం, పొద్దుతిరుగుడు గింజలు. ఇన్సులిన్ పడ్డాక అది తినకపోయినా, దాని తిండి ఇంకోటి లాక్కున్నా షుగర్ పడిపోయి మూర్ఛ వస్తుంది. అంటే ఒక్క సూదికి గుంపు మొత్తం భోజనాల టైమ్ మార్చాలి.

పళ్ళు సహజమైన తిండే కదా, వాటితో ఏం నష్టం అనుకుంటాం. మనం సాగుచేసే పళ్ళలో అడవి పళ్ళ కంటే చక్కెర ఎక్కువ, పీచు తక్కువ. ఇంగ్లాండ్‌లోని పెయిన్‌టన్ జూ 2014లో తన కోతులకి అరటిపళ్ళు పెట్టడం మానేసింది, పళ్ళు పాడవుతున్నాయి, షుగర్ ప్రమాదం ఉంది అన్నవే వాళ్ళు చెప్పిన కారణాలు. గుడి మెట్ల దగ్గర గెలలు గెలలు అరటిపళ్ళు పంచే మనం దీని గురించి ఒక్కసారి ఆలోచించాలి. కొండముచ్చుల సంగతి ఇంకా సున్నితం. వాటి పొట్ట గదులు గదులుగా ఉంటుంది, ఆకులు పులిసి అరగడానికి లోపల సూక్ష్మజీవులుంటాయి. బిస్కెట్లు, బ్రెడ్డు, తీపి పళ్ళు ఎక్కువైతే పొట్టలో ఆమ్లం పెరిగి ఉబ్బిపోతుంది. నోటి ద్వారా ఇచ్చే యాంటీబయాటిక్ కూడా ఆ సూక్ష్మజీవుల్ని చంపి కొత్త జబ్బు తెస్తుంది. మకాక్ కోతికిచ్చిన మందులచీటీనే కొండముచ్చుకి రాయకూడదు.

పెంపుడు మార్మోసెట్ల కథ వేరు. అరచేతిలో ఇమిడే ఈ కోతుల్ని బ్రిటన్‌లో గదుల్లో పెంచుతూ వచ్చారు. అమెరికా ఖండపు కోతులకి విటమిన్ డి3 తప్పనిసరి, అది ఎండలోంచో తిండిలోంచో రావాలి, గదిలో పెంచితే కిటికీ అద్దం ఆ ఎండ కిరణాలని ఆపేస్తుంది, తిండిలోనూ అది చాలకపోతే ఎముకలు మెత్తబడి వంగిపోతాయి. దూకడం కోసమే పుట్టిన జంతువు దూకలేకపోతుంది. ఇంగ్లాండ్‌లోని కార్న్‌వాల్‌లో 1964లో ఊలీ అనే దక్షిణ అమెరికా కోతుల కోసం మొదలైన మంకీ శాంక్చురీ ఇప్పుడు ఇలా ఇళ్ళ నుంచి వచ్చిన మార్మోసెట్లనీ కాపుచిన్లనీ చూసుకుంటోంది. ఊలీ కోతుల్లోనేమో, బోనుల్లో పెరిగితే బీపీ రావడం బాగా తెలిసిన సమస్య. మార్మోసెట్లకైతే వైద్యం ఎంత చేసినా వంగిన ఎముక నిటారుగా కాదు, నొప్పి తగ్గించి, ఎత్తు తక్కువ కొమ్మలు కట్టి, మిగిలిన జీవితం హాయిగా గడిచేలా చూడగలరు, అంతే.

అంటురోగాల దగ్గర భయం రెండు వైపులా ఉంటుంది. మకాక్ కోతుల్లో హెర్పిస్ బి అనే వైరస్ ఉంటుంది, వాటికి నోట్లో చిన్న పుండు మించి ఏమీ చేయదు, మనిషికి సోకి సమయానికి మందు పడకపోతే సోకిన పదిమందిలో ఏడెనిమిది మంది చనిపోతారు. 1932లో న్యూయార్క్‌లో కోతి కరిచిన ఒక యువ డాక్టర్ మరణంతో ఇది బయటపడింది. 1997లో అట్లాంటాలో ఒక యువతి కంట్లో కోతి నుంచి చింది పడిన తడితోనే చనిపోయింది. ప్రపంచం మొత్తం మీద కేసులు చాలా అరుదే, కానీ ఆ అరుదైన కేసు కోసమే కీపర్లు కళ్ళద్దాలు పెట్టుకుంటారు. మననుంచి వాటికి వెళ్ళేవి ఇంకా ఎక్కువ. మనకి పెదవి మీద వచ్చి పోయే పొక్కుల వైరస్ మార్మోసెట్‌ని చంపేస్తుంది. తట్టు, క్షయ కోతుల్ని మూకుమ్మడిగా పట్టుకుంటాయి. క్షయ పరీక్ష సూదిని కోతికి పై కనురెప్పలో వేస్తారు. వాపు వచ్చిందో లేదో 24, 48, 72 గంటలకి చూడాలి, రెప్ప మీదైతే పట్టుకోకుండా దూరం నుంచే చూడొచ్చు. క్షయ ఇంత ఎక్కువగా ఉన్న మన దేశంలో కోతుల దగ్గర పనిచేసేవాళ్ళకి ఏటా క్షయ పరీక్ష చేయించడం కోతి వైద్యంలో భాగమే.

ముందు జాగ్రత్త ఎంత పని చేస్తుందో చెప్పడానికి కాయో శాంటియాగో మంచి ఉదాహరణ. అది సంరక్షణ కేంద్రం కాదు, ప్యూర్టోరికో తీరంలో పరిశోధన కోసం కోతుల్ని వదిలిన దీవి. 1938లో మన దేశం నుంచి 400కి పైగా రీసస్ కోతుల్ని ఓడలో అక్కడికి తీసుకెళ్ళారు. దశాబ్దాలపాటు అక్కడ ధనుర్వాతం పెద్ద మృత్యువుగా ఉండేది, కొట్లాటల్లో తగిలిన గాయాలే దానికి దారి. ఒళ్ళు బిగుసుకుపోయాక ఏ కోతినీ కాపాడటం దాదాపు అసాధ్యం. 1980ల మధ్యలో అన్నిటికీ టీకాలు వేశాక ఆ చావులు ఆగిపోయాయి.

ఇక మన దగ్గర ఎక్కువగా కనబడే కేసు కరెంటు షాక్. ఊళ్ళలోకి వచ్చిన కోతులు తీగల మీద నడుస్తాయి, ట్రాన్స్‌ఫార్మర్ల మీద కూర్చుంటాయి. షాక్ తగిలిన కోతికి పైకి చెయ్యి మీద చిన్న మచ్చే ఉంటుంది, లోపల కండరం, నరాలు రోజుల తరబడి చస్తూనే ఉంటాయి. మొదటిరోజే చెయ్యి తీసేస్తే ఎక్కడిదాకా తీయాలో తెలియదు, మరీ ఆగితే విషం ఒళ్ళంతా పాకుతుంది. డాక్టర్ రోజూ చూస్తూ, బతికిన కండకీ చచ్చిన కండకీ మధ్య గీత తేలేదాకా ఆగి ఆపరేషన్ చేస్తారు. కుక్కకైతే మెడకి గరాటా కట్టొచ్చు, కోతికి చేతులున్నాయి, తీసి పారేస్తుంది. కట్టు విప్పేస్తుంది, కుట్లు పీకేస్తుంది. అందుకే చర్మం లోపలే కనబడకుండా కుట్లు వేస్తారు, చేతులకి పని ఉండేలా గడ్డిలో గింజలు చల్లి వెతుక్కోమంటారు.

ఒక చెయ్యి పోయిన కోతి ఎలా బతుకుతుందని జాలితో చంపేయమనేవాళ్ళుంటారు. జపాన్‌లోని అవాజి దీవిలో పుట్టుకతోనే కాళ్ళూచేతులు వంకరైన మకాక్ కోతులు చాలా ఉన్నాయి. అవి గుంపులో కలిసి తిరుగుతున్నాయి, పిల్లల్ని కని పెంచుతున్నాయి. అవయవం పోవడం ఒక్కటే చంపడానికి కారణం కాకూడదని చెప్పడానికి అవే సాక్ష్యం.

కానీ కారణం ఉండే రోజూ వస్తుంది. మందులకి తగ్గని నొప్పి, తిండి మానేయడం, పేలు చూడటానికి పక్కది దగ్గరికొచ్చినా పట్టించుకోకపోవడం. మంచి కేంద్రాల్లో ఈ గుర్తుల్ని రోజూ కాగితం మీద రాస్తారు, ఆ లెక్కలో మంచి రోజుల కంటే చెడ్డ రోజులు ఎక్కువైతే కూర్చుని మాట్లాడుకుంటారు. కీపర్ ప్రేమ ఒక్కటే నిర్ణయిస్తే ఆలస్యమవుతుంది, డాక్టర్ ఒక్కడే నిర్ణయిస్తే గుంపులో దాని బతుకు లెక్కలోకి రాదు. మన దేశంలో 1972 వన్యప్రాణి రక్షణ చట్టం షెడ్యూళ్ళలో ఉన్న జంతువైతే, కోలుకోలేని స్థితిలో ఉన్నా సరే అటవీశాఖ అధికారి రాతపూర్వక అనుమతి లేకుండా చంపకూడదు. రీసస్ కోతిని 2022 సవరణలో ఆ షెడ్యూళ్ళ నుంచి తీసేశారు, ఇది నాకు ఏమాత్రం నచ్చని మార్పు, అయినా 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం దానికీ వర్తిస్తుంది. అంటురోగం కాకపోతే చనిపోయిన కోతిని కాసేపు గుంపు మధ్యే ఉంచుతారు కొన్నిచోట్ల. వాసన చూస్తాయి, తాకుతాయి, కొన్ని పక్కనే కూర్చుంటాయి. తర్వాత పోస్ట్‌మార్టం తప్పనిసరి, బతికున్న మిగతావాటికి అదే జబ్బు వచ్చే ప్రమాదం ఉందేమో అక్కడే తెలుస్తుంది.

తెలంగాణలో నిర్మల్ దగ్గర చించోలిలో 2020 డిసెంబరులో కోతుల సంరక్షణ, పునరావాస కేంద్రం పెట్టారు. అక్కడ ముఖ్యంగా జరిగేది పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి తిరిగి వదలడం. జబ్బుపడి జీవితాంతం చూసుకోవాల్సిన కోతులకి తెలుగు రాష్ట్రాల్లో చోటు బాగా తక్కువ. అందుకే రోడ్డు పక్క దెబ్బతిన్న కోతి కనబడితే చాలామంది ఇంటికి తెచ్చేస్తారు. తేవద్దు, నీళ్ళు పోయడానికైనా దగ్గరికెళ్ళొద్దు, కుక్కల్ని, జనాన్ని దూరంగా ఉంచి అటవీశాఖకి ఫోన్ చేయండి. కరిచినా గీరినా వెంటనే సబ్బూ నీళ్ళతో పదిహేను నిమిషాలు కడిగి, అదేరోజు ఆసుపత్రికెళ్ళి రేబిస్ టీకా గురించి అడగండి, కరిచింది కోతి అని తప్పకుండా చెప్పండి. సిబ్బంది వచ్చాక అది ఏ స్తంభం కింద, ఏ చెట్టు దగ్గర పడి ఉందో, చుట్టూ ఇంకా ఎన్ని కోతులు తిరుగుతున్నాయో వివరంగా రాయించండి. కోలుకున్నాక వేరే ఊళ్ళో వదిలితే అక్కడి గుంపు తరిమేస్తుంది, దాని గుంపు ఎక్కడుందో ఆ కాగితం చూసే తెలుసుకోవాలి.